మూడేళ్లు దాటిన పిల్లల ఆటను చూసి ఎదుగుదల తెలుసుకోవడం ఎలా?

"మావాడికి నాలుగేళ్లు నిండాయి మేడం. పక్కింటి పాప ఏబీసీడీలు గడగడా చెప్పేస్తోంది, వీడేమో పొద్దస్తమానం మట్టిలోనే. ఏమన్నా తేడా ఉందంటారా?"

కావలి దగ్గర చిన్నపిల్లల బడి నడిపినన్నాళ్లూ నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. ఇప్పటికీ ఫోన్ చేసి ఇదే అడుగుతారు. నేను చెప్పేదీ ఒకటే: వారం పాటు వాడు ఏం ఆడాడో రాసి పంపండి. ఎక్కువమంది పంపేది ఇలా ఉంటుంది: "బాగా అల్లరి. తెలివైనవాడే. ఎవరితో కలవడు." ఇది ఎన్నిసార్లు చదివినా ఆ పిల్లవాడు నా కళ్లకు కనపడడు. అందుకే ఎలా చూడాలో, ఎలా రాయాలో, రాసినదాన్ని ఏం చేయాలో మొదటినుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. మూడేళ్లు నిండి, ఒకటో తరగతికి పోని పిల్లలున్న ఎవరైనా ఇది చేయొచ్చు. అమ్మే చేయాలని లేదు. మా వైపు పిలకాయలతో ఎక్కువసేపు ఉండేది అవ్వలూ తాతలే. అవ్వకు రాయడం రాకపోతే ఆమె చెబుతుంటే మీరు రాసుకోండి.

ఏమేం కావాలి?

వంద పేజీల రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, టైం చూసుకోవడానికి వాచీ లేదా ఫోను. పిల్లవాడు గీసిన కాగితాలు దాచడానికి ఒక అట్టపెట్టె. అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి, పుట్టిన తేదీకి, బరువులకు పనికొస్తుంది.

ఆట సామాను కొనక్కర్లేదు. ఇసుక లేదా మట్టి, తొట్టెలో కాసిని నీళ్లు, కొబ్బరి చిప్పలు, బట్టలకు పెట్టే క్లిప్పులు, పాత చీర, ఖాళీ అట్టపెట్టెలు, ఓ పెద్ద బంతి చాలు. ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటెలు ఉంటే రెండు ఇవ్వండి. బరువు తక్కువ, మొన లేదు, పిల్లల చేతికి చక్కగా అమరుతాయి. వీటిలో చాలావాటికి ఇది ఫలానా బొమ్మ అని పేరు లేదు. అందుకే అవి మంచివి. అట్టపెట్టె ఇవాళ బస్సు, రేపు దేవుడి గూడు అవుతుంది. మీట నొక్కితే పాడే బొమ్మ రెండు రోజులు పాడుతుంది, దాంతో పిల్లవాడు ఏం ఆలోచిస్తున్నాడో మీకేమీ తెలియదు.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు:

చింతపిక్కలు, గచ్చకాయలు, పూసలు మంచి ఆట వస్తువులే. కానీ మూడేళ్లలోపు చంటిపిల్ల ఇంట్లో ఉంటే వాటిని కింద పరవకండి, గొంతులో పడతాయి. మూడు దాటినవాళ్లు కూడా ముక్కులో, చెవిలో దోపుకుంటారు. దోపుకుంటే పుల్లతోనో పిన్నుతోనో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. రిమోట్లలో, మెరిసే బొమ్మల్లో ఉండే బిళ్ల సెల్లు మింగితే ఒక్క గంట కూడా ఆగకూడదు. వాంతి చేయించకుండా వెంటనే బయలుదేరాలి.

నీళ్ల దగ్గర ఉన్నప్పుడు రాయకండి. సంపు, బావి, రొయ్యల చెరువు, కాలవ, మైపాడు బీచి, కొత్తపట్నం బీచి, ఏదైనా సరే. అక్కడ పిల్లవాడు మీ చేతికి అందే దూరంలో ఉండాలి, మీ చేతులు ఖాళీగా ఉండాలి. రాత ఇంటికొచ్చాక.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఇళ్లవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పెద్దవాళ్లు ఆకు అల్లుతుంటే పిల్లలు పక్కన కూర్చుని అదే ఆట ఆడతారు. ఆట చాలా మంచిది, వేళ్లకు అంతకన్నా మంచి పని లేదు. కానీ పచ్చి పొగాకు ఇవ్వొద్దు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వాంతులు, తల తిరగడం వస్తాయి. బదులుగా బాదం ఆకులు, పుల్ల, దారం ఇవ్వండి.

1. వయసును నెలల్లో లెక్కవేసుకోండి

"నాలుగో ఏడు" అంటే మా ఊళ్లలో మూడేళ్ల రెండు నెలలూ కావచ్చు, మూడేళ్ల పదకొండు నెలలూ కావచ్చు. ఈ వయసులో ఆ తొమ్మిది నెలల తేడా చాలా పెద్దది. బడిలో వేయడానికి వయసు పెంచి రాయించినవాళ్లు ఆ తేదీని పక్కన పెట్టి అసలు తేదీ తీయండి. నోటుపుస్తకం మొదటి పేజీలో పుట్టిన తేదీ, ఇవాళ్టికి ఎన్నేళ్ల ఎన్ని నెలలు, ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారు, ఈ మధ్య వచ్చిన జబ్బులు రాయండి. సగం టెన్షన్లు ఈ మొదటి పేజీలోనే తీరడం చూశాను. నాలుగేళ్ల ఏడు నెలల పాపతో మూడేళ్ల తొమ్మిది నెలల బాబును పోల్చుకుని నిద్ర మానుకున్న తల్లులున్నారు.

2. టైం, చోటు ఎంచుకోండి

వారానికి రెండు రోజులు, రోజుకు పది నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే మూడో వారానికి మానేస్తారు. కడుపు నిండి, నిద్ర తీరి ఉన్నప్పుడు చూడండి. ఉదయం తొమ్మిది ప్రాంతం బాగుంటుంది. ఎండాకాలంలో ఒంగోలు, నెల్లూరు ఎండలకు మధ్యాహ్నం ఏ పిల్లవాడూ సరిగా ఆడడు, సాయంత్రం ఐదు దాటాక చూడండి. జ్వరం వచ్చి తగ్గిన వారం, చుట్టాలు దిగిన రోజు, కొత్తగా చెల్లెలు పుట్టిన నెల చూసినవి రాస్తే ఆ సంగతి కూడా పక్కన రాయండి. లేకపోతే తరవాత చదివినప్పుడు తప్పుదారి పట్టిస్తాయి.

ఒకసారి ఇంట్లో, ఒకసారి బయట తోటిపిల్లలతో ఉన్నప్పుడు చూడండి. ఇంట్లో నోరు మూయని పిల్ల వీధిలో అవ్వ కొంగు వెనక దాక్కోవచ్చు. రెండూ ఆ పిల్లే.

3. పక్కన ఉండండి, కానీ ఆటలోకి దిగకండి

ఎదురుగా కూర్చుని పుస్తకం పట్టుకుని తేరిపార చూస్తే ఏ పిల్లవాడైనా ఆట ఆపేస్తాడు. నేను చేసే ఉపాయం చిక్కుడుకాయలు. చాటలో కాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ, చాట పక్కన చిన్న కాగితం ఉంచుకుంటాను. మీరు బియ్యం ఏరుకోండి, పూలు కట్టుకోండి. వాడు పిలిస్తే పలకండి, చూపిస్తే చూడండి, మళ్లీ మీ పనిలో పడండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు మధ్యలో ప్రశ్నలు వేయడం. "అది ఏ కలర్ నాన్నా? ఎన్ని ఉన్నాయి? ఇంగ్లీషులో ఏమంటారు?" ఈ మూడు ప్రశ్నలతో ఆట పరీక్ష అయిపోతుంది. పిల్లవాడు అప్పటిదాకా మనసులో కట్టుకుంటున్నదంతా కూలిపోతుంది. పది నిమిషాలు నోరు అదుపులో పెట్టుకోవడం మొదట చాలా కష్టం. నాకూ నెల పట్టింది.

రెండో తప్పు ఫోన్‌తో వీడియో తీయడం. కెమెరా చూడగానే పిల్లలు స్టెప్పులు వేయడం మొదలుపెడతారు. డాక్టర్‌కు చూపించాల్సిన అవసరం ఉంటే తప్ప వీడియో వద్దు.

4. చూసింది చూసినట్టు రాయండి

మొత్తం పనిలో కీలకం ఇది. ఎడమ పక్క టైం, మధ్యలో చేసిన పని, అన్న మాటలు అన్నట్టే. ఇందుకూరుపేట వైపు ఒక ఇంట్లో నాలుగేళ్ల మూడు నెలల బాబు ఆట గురించి తల్లి మొదట రాసింది ఇదీ:

"ఈ రోజు ఇసుకలో ఆడాడు. హుషారుగా ఉన్నాడు. షేరింగ్ లేదు, పక్కింటి పాపకు ఏమీ ఇవ్వడు."

అదే ఆటను నేనూ పక్కన కూర్చుని చూశాను. నా కాగితం మీద ఉన్నది:

9.10 – గుమ్మం ముందు ఇసుకలో కూర్చున్నాడు. కొబ్బరి చిప్పతో గుంట తీశాడు, కుడి చేత్తో. మోచేయి మునిగే లోతు.

9.13 – చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు. ఇంకిపోయాయి. వంగి చూశాడు. మళ్లీ తెచ్చి పోశాడు. మళ్లీ ఇంకాయి. లోపలికెళ్లి పాలిథిన్ కవరు తెచ్చి గుంటలో పరిచి పోశాడు. నిలిచాయి. "అవ్వా, చెరువు నిండింది!"

9.16 – చింతపిక్కలు గుప్పెడు వేశాడు. "రొయ్య పిల్లలు." ఐస్‌క్రీం పుల్ల నీళ్లలో తిప్పుతూ నోటితో 'గర్ర్' మని చప్పుడు.

9.18 – పక్కింటి పాప (5 ఏళ్లు) వచ్చి పుల్ల అడిగింది. ఇవ్వలేదు. "నువ్వు మేత ఎయ్. కరెంటు పోయింది, ఆగు." పాప ఇసుక చిటికెలతో చల్లింది.

9.21 – "కరెంటు వచ్చింది, నువ్వు తిప్పు" అని పుల్ల పాపకు ఇచ్చాడు. తాను కవరు అంచులు పైకి మడిచి రాళ్లు పెట్టాడు.

రెండూ ఒకే ఆట. రెండోది చదివితే ఎన్ని తెలుస్తున్నాయో చూడండి. నీళ్లు ఇంకితే ఏడవలేదు, వదిలేయలేదు, మూడోసారికి దారి మార్చాడు. ఒకే ఆలోచన మీద పదకొండు నిమిషాలు నిలిచాడు. చింతపిక్కను రొయ్యగా, పుల్లను ఏరేటర్‌గా (రొయ్యల చెరువులో నీళ్లు చిలికే యంత్రం) అనుకున్నాడు. కరెంటు పోతే ఏరేటర్ ఆగుతుందని తెలుసు. పాపకు పుల్ల ఇవ్వకపోయినా ఆటలోకి చేర్చుకుని పని అప్పజెప్పాడు, మూడు నిమిషాలకు పుల్లా ఇచ్చాడు. తల్లికి ఈ కాగితం చదివి వినిపిస్తే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "షేరింగ్ లేదు" అని బడివాళ్లు అన్న మాటనే తానూ రాశానని చెప్పింది.

మీరు రాసింది సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు. మొదటిది: రాసినదాంట్లో 'మంచి', 'మొండి', 'హుషారు', 'బద్ధకం', 'సిగ్గు', 'తెలివి' లాంటి మాటలకు గీత పెట్టి కొట్టేయండి. కొట్టేశాక ఇంకా ఏమైనా మిగిలిందా? మిగలకపోతే మళ్లీ చూసి రాయాలి. రెండోది: ఆ ఆట చూడని మనిషికి, మీ ఆయనకో అత్తగారికో, చదివి వినిపించండి. వాళ్లు ఆ ఆటను మళ్లీ మీకు చెప్పగలిగితే బాగా రాసినట్టే. ఇంట్లో ఇద్దరు ఉంటే ఒకే పది నిమిషాలను ఇద్దరూ విడివిడిగా రాసి పోల్చుకోవడం ఇంకా మంచిది.

5. పిల్లల మాటను దిద్దకుండా రాయండి

"ఎయ్", "యాడికి", "అట్టా" అన్నాడని తప్పు పెట్టకండి, పుస్తకంలో "వేయి", "ఎక్కడికి" అని మార్చి రాయకండి. అది మన ఊరి మాట, మాట్లాడే లోపం కాదు. లోపం వేరే ఉంటుంది: అడిగినదానికి సంబంధం లేకుండా మీ మాటనే తిరిగి అనడం, బయటివాళ్లకు సగం కూడా అర్థం కాకపోవడం, ఒక్కో మాటతోనే సరిపెట్టడం. వాటిని చూడాలి.

"నాలుగేళ్లకు నాలుగు మాటల వాక్యాలు రావాలి" అని ఇంటర్నెట్‌లో చదివి కంగారుపడేవాళ్లు చాలామంది. అది ఇంగ్లీషుకు సరిపడే కొలత. మన పిల్ల "తాతతో పోతానంటున్నా" అంటే రెండే మాటలు, కానీ ఎవరితో, ఏం చేస్తాను, ఆ సంగతి ఇప్పుడు చెబుతున్నాను అన్నీ అందులో ఉన్నాయి. తెలుగులో మాటలు లెక్కపెట్టకండి. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎప్పుడు అనేవి కలిపి చెప్పగలుగుతోందా అని చూడండి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే నెల్లూరు పిల్లలకు రెండు భాషల్లో వచ్చినవీ కలిపి లెక్కవేయాలి. ఒక్క తెలుగే చూసి "మాటలు తక్కువ" అంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే.

బొమ్మల చార్టు చూపించి యాపిల్, జీబ్రా అడిగితే నోరు విప్పని పిల్లవాణ్ని చెరువు గట్టు మీద కూర్చోబెట్టి అడిగాను. కొరమీను, జెల్ల, మట్టగిడస, బొచ్చె అని చేపల పేర్లు వరసగా చెప్పి, దేనికి ముల్లుంటుందో కూడా చెప్పాడు. వాడికి మాటలు రాలేదని చార్టు చెప్పింది. చార్టుదే తప్పు.

6. ఆటలో ఎవరితో ఎలా ఉన్నాడో గుర్తించండి

అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో చిన్నపిల్లల ఆటను వరసలుగా విడదీసి చెప్పారు. ఆ వరస ఇప్పటికీ పనికొస్తుంది. ఊరికే అటూ ఇటూ తిరగడం, ఒంటరిగా ఆడడం, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కన ఎవరి ఆట వారు ఆడడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడడం, అందరూ ఒక పని పంచుకుని ఆడడం. పై రాతలో బాబు ఒంటరి ఆటతో మొదలై చివరికి పని పంచుకునే దాకా వచ్చాడు. మీ రాత పక్కన ఏ రకమో ఒక్క మాటలో గుర్తు పెట్టుకోండి.

ఐదేళ్ల పిల్ల ఒంటరిగా కూర్చుని బొమ్మ గీసుకుంటే అది జబ్బు కాదు. పక్కన నిలబడి చూసే పిల్ల ఊరికే లేదు, నేర్చుకుంటోంది. నెలంతా రాసినదాంట్లో ఒకే రకం తప్ప మరోటి కనపడకపోతేనే ఆలోచించాలి.

'అనుకునే ఆట' మూడు, నాలుగేళ్ల వయసులో బాగా కనపడుతుంది. లక్కపిడతల్లో చేపల పులుసు వండడం, బొమ్మల పెళ్లి, తువ్వాలు నడుముకు కట్టుకుని ఇటుక లాగుతూ ఒంగోలు గిత్తనని రంకెలు వేయడం. నెల్లూరులో రొట్టెల పండగ అయిన వారంలో మా వీధి పిల్లలు బాదం ఆకులు మార్చుకుంటూ "ఇది చదువు రొట్టె, ఇది ఇల్లు కట్టే రొట్టె" అనుకునేవాళ్లు. స్వర్ణాల చెరువులో నిలబడినట్టు తొట్టె పక్కన వరసగా నిలబడి మరీ! ఇలాంటివి తప్పకుండా రాయండి. పిల్లవాడు ఊళ్లో చూసినదాన్ని బుర్రలో ఎలా దాచుకున్నాడో, మళ్లీ ఎలా బయటికి తెచ్చాడో అందులో తెలుస్తుంది.

7. వయసుకు తగినవి కనపడుతున్నాయా?

కింద రాసినవి ఆ వయసు నిండేసరికి ఎక్కువమంది పిల్లలు చేసేవి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో నూటికి 75 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది చేసేవే పెట్టారు. అంటే ఒకటి రెండు రాకపోతే గుండె బాదుకోనక్కర్లేదు, అలాగని చాలా రాకపోతే ఊరుకోకూడదు.

మూడేళ్లకు: పేరు అడిగితే చెప్పడం. ఎవరు, ఏంటి, ఎందుకు అని వేధించడం. మీరు గుండ్రం గీసి చూపిస్తే గీయడం. పెద్ద పూసలు దారానికి గుచ్చడం. తోటిపిల్లలను చూసి వాళ్ల దగ్గరికి పోవడం. చాలావరకు బయటివాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడడం.

నాలుగేళ్లకు: పెద్ద బంతి వేస్తే ఎక్కువసార్లు పట్టుకోవడం. మనిషి బొమ్మలో మూడు భాగాలైనా ఉండడం (తల, కళ్లు, కాళ్లు అయినా చాలు). నేను పులిని, నేను డ్రైవర్‌ని అని వేషం కట్టడం. ఇవాళ జరిగిన ఒక సంగతైనా చెప్పడం. ఎవరైనా ఏడిస్తే దగ్గరికి వెళ్లి ఊరడించడం.

ఐదేళ్లకు: ఒంటికాలి మీద గెంతడం, మనకు తొక్కుడుబిళ్ల ఉండనే ఉంది. పది దాకా లెక్కపెట్టడం. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగడం. కనీసం రెండు సంఘటనలున్న కథ చెప్పడం. నిన్న, రేపు అనే మాటలు వాడడం. గుండీలు కొన్ని పెట్టుకోవడం. నచ్చిన పని మీద ఐదు పది నిమిషాలు నిలవడం (ఫోను, టీవీ చూసింది దీనిలోకి రాదు).

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎప్పుడూ చేతికి ఇవ్వని పనిని "రాదు" అని రాసేస్తారు. గుండీలు రోజూ అమ్మే పెడుతుంది, అన్నం అవ్వే కలిపి పెడుతుంది, మెట్లు తాతే ఎత్తుకుని దించుతాడు. ఇంక వాడికి ఎలా వస్తుంది? రాదని అనిపించిన ప్రతి పనికీ రెండు వారాలు అవకాశం ఇవ్వండి, ఆ తరవాత చూసి రాయండి. నేను చూసిన చాలా "రాదు"లు ఆ రెండు వారాల్లోనే "వస్తుంది" అయ్యాయి.

8. కనపడనిదాన్ని ఆటలో కలిపి చూడండి

నెలంతా చూసినా కొన్ని తెలియకపోవచ్చు. అప్పుడు పరీక్ష పెట్టకుండా ఆటలో దూర్చండి. "లోపలికెళ్లి చెంబు తీసుకుని అవ్వకు ఇచ్చి రా" అంటే మాట వినడం, గుర్తుంచుకోవడం రెండూ తెలుస్తాయి. చేత్తో చూపించకుండా, కళ్లతో సైగ చేయకుండా చెప్పండి. ఆరిన బట్టలు తీసేటప్పుడు క్లిప్పులు వాడి చేత తీయించండి, వేళ్ల బలం తెలుస్తుంది. ముగ్గు పిండితో గుండ్రం, అడ్డగీత నిలువుగీత కలిసిన ప్లస్ గుర్తు, చతురస్రం వేసి "నువ్వూ వేస్తావా?" అనండి. గుండ్రం మూడేళ్లకు, ప్లస్ నాలుగుకు, చతురస్రం నాలుగున్నర ఐదు మధ్య సాధారణంగా వస్తాయి.

వద్దంటే వదిలేయండి. ఒక రోజు చేయకపోతే మూడు వేర్వేరు రోజులు చూశాకే రాయండి. మూడింట్లో ఒక్కసారి చేసినా వచ్చినట్టే.

9. నెలకోసారి మొదటినుంచి చదవండి

ఇది మానేస్తే రాసి లాభం లేదు. నెలాఖరున పిల్లలు పడుకున్నాక కూర్చుని అన్నీ వరసగా చదవండి. రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టుకోండి: కాళ్లూ చేతుల పనులకు ఒక రంగు, వేళ్ల పనులకు ఒకటి, మాటకు ఒకటి, ఆలోచనకు ఒకటి, తోటివాళ్లతో మెలగడానికి ఒకటి. ఏ రంగు అసలు కనపడలేదో అది వచ్చే నెల చూడండి. చాలాసార్లు లోపం పిల్లలో ఉండదు, మనం ఆ వైపు చూసి ఉండం.

పోల్చాల్సింది మూడు నెలల కిందటి మీ పిల్లవాడితోనే. అట్టపెట్టెలో దాచిన బొమ్మల వెనక తేదీలు రాసి ఉంటే మూడు నెలల తేడా పరిచి చూడొచ్చు. మొదట గీతలు, తరవాత ముడి పడ్డ గుండ్రాలు, ఆ తరవాత గుండ్రానికి రెండు కాళ్లు. ఆ కాళ్లొచ్చిన రోజు నాకు ఇప్పటికీ పండగే.

ఇలా మొదటినుంచి చదవడం ఎందుకంత ముఖ్యమో ఒక పాప వల్ల తెలుసుకున్నాను. మూడున్నరేళ్లది. పిలిస్తే పలకదు. మూడు వారాల్లో మూడుసార్లు 'మొండి' అని రాశాను. నెలాఖరున అన్నీ కలిపి చదువుతుంటే ఒక సంగతి కనపడింది. పలికిన రోజుల్లో ఆమె కుడి పక్క నేనున్నాను, పలకని రోజుల్లో ఎడమ పక్క. మర్నాడు ఆడుకుంటుంటే రెండు వైపుల నుంచీ మెల్లగా పిలిచి చూశాను. అంతే. ఎడమ చెవిలోంచి చీము కారుతున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు, "పిల్లలకు మామూలేగా" అని ఊరుకున్నారు. ఆస్పత్రిలో చూపించాక నెమ్మదిగా వినికిడి మెరుగైంది. ఆ పాప ఎక్కడ కూర్చుందో రాసి ఉండకపోతే 'మొండి' అన్న మాటే మిగిలేది. ఆ మాట నేను మళ్లీ ఏ పిల్ల గురించీ రాయలేదు.

10. ఎప్పుడు చూపించాలి, ఎక్కడ చూపించాలి?

కింది వాటిలో ఒక్కటి కనపడినా నెల ఆగకండి:

అంతకుముందు వచ్చిన మాట గానీ పని గానీ పోవడం. ఇది ఏ వయసులోనైనా సరే, అన్నిటికన్నా ముందు.

పేరు పెట్టి పిలిస్తే మాటిమాటికీ పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం.

మూడు దాటినా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ మాట అర్థం కాకపోవడం.

నేల మీద నుంచి లేచేటప్పుడు మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఊనుకుంటూ పైకి లేవడం. తరచూ పడిపోవడం. ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం. ఒక వైపు చెయ్యి, కాలు అసలు వాడకపోవడం.

ఆట మధ్యలో కాసేపు శిలలా చూస్తూ ఉండిపోయి, పిలిచినా తట్టినా తెలియకపోవడం.

చెవి కారడం, టీవీకి ముక్కు ఆనించి చూడడం, మెల్లకన్ను.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లు ఇంకోటి చూడాలి. నడిచేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, కాళ్లు వంగడం కనపడితే డాక్టర్‌కు ఆ సంగతితో పాటు ఇంట్లో తాగేది బోరు నీళ్లా, వేరే నీళ్లా అన్నదీ చెప్పండి.

ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌ను, ఏఎన్ఎంను కలవండి. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు కొలుస్తారు, అవి తగ్గుతుంటే ఆట కూడా తగ్గుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీ పిల్లల దగ్గరికి ఆ వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు రావాలి. బృందం ఎప్పుడొస్తుందో టీచర్‌ను అడిగి ఆ రోజు పిల్లవాణ్ని తప్పకుండా పంపండి. ప్రైవేటు నర్సరీలో వేశాం కదా అని ఆ రోజు మానేయకండి. ఇంకా చూడాల్సింది ఉంటే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి రాసిస్తారు. పిల్లల డాక్టర్ దగ్గరికి నేరుగా వెళ్లినా తప్పులేదు.

"మగపిల్లలకు మాటలు లేటే", "వాళ్ల నాన్న కూడా ఐదేళ్లకు మాట్లాడాడు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. "ఊరికే ఒకసారి చూపించుకొస్తాం అత్తయ్యా" అని బయలుదేరండి. ఏమీ లేదని తేలితే అందరికీ సంతోషం. ఏదైనా ఉంటే, ఎంత ముందు మొదలుపెడితే పిల్లకు అంత మేలు.

ఎక్కువగా అడిగే రెండు సంగతులు

*ఫోను లేకుండా పది నిమిషాలు కూడా ఉండడు, ఇంక ఆట ఎక్కడ చూసేది?* రెండు నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్లవాళ్లు రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలించి ఆడాలని, పది నుంచి 13 గంటలు నిద్రపోవాలని కూడా అదే మాటలో ఉంది. ఫోను ఆపితే మొదట్లో ఏడుస్తాడు. ఆ ఏడుపు అయ్యాక ఏం చేస్తాడో రాయండి. మొదటి రోజు ఏడుపు, రెండో రోజు గోడకు ఆనుకుని కూర్చోవడం, ఐదో రోజుకు చెంబు, నీళ్లు. ఈ వరస చాలా ఇళ్లలో చూశాను.

*బడిలో వేశాం, చూడడం వాళ్ల పని కాదా?* వాళ్ల పని కూడా. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అని, అందులో నేర్పడం ఆటతో సాగాలని చెబుతోంది. బడికి వెళ్లినప్పుడు "ఎన్ని రైమ్స్ వచ్చాయి?" అని అడిగే బదులు "మావాడు ఎవరితో ఆడుతున్నాడు, ఏం ఆడుతున్నాడు?" అని అడగండి. టీచర్ ఆగకుండా జవాబు చెబితే మీ పిల్లవాణ్ని నిజంగా చూస్తున్నట్టు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం మొత్తం ఇవ్వకండి, వాళ్లకు టైం ఉండదు. వయసు నెలల్లో, మీకు అనుమానం వచ్చిన సంగతి ఒక్క వాక్యంలో, అది కనపడిన మూడు తేదీలు, ఆ రోజుల్లో రాసిన రాతలు మూడు, ఇవన్నీ ఒకే కాగితం మీద తిరగరాసి పట్టుకెళ్లండి. మునివేళ్ల మీద నడవడం, శిలలా ఉండిపోవడం లాంటివైతే ఒక నిమిషం వీడియో కూడా. ఆస్పత్రిలో కొత్త మనుషుల మధ్య మీ పిల్లవాడు నోరు విప్పకపోవచ్చు, ఒళ్లో నుంచి దిగకపోవచ్చు. ఇంటి దగ్గర వాడు ఎలా ఉంటాడో అప్పుడు ఆ కాగితమే చెబుతుంది.